కీళ్లు అరిగిన కుక్కకు పీఆర్‌పీ, స్టెమ్ సెల్: విశాఖలో ఏళ్ల తరబడి చేయించాక మా సమీక్ష

ముందు తీర్పు. పీఆర్‌పీ ఇంజెక్షన్ (కుక్క సొంత రక్తంలోని ప్లేట్‌లెట్లతో చేసేది) మా లాబ్రడార్‌కు రెండు తుంటి కీళ్లలోనూ పనిచేసింది. స్టెమ్ సెల్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలను ఎక్కించడం) కూడా పనిచేసింది కానీ, రెండింటి ఖర్చులో ఉన్నంత తేడా నడకలో మాకు కనపడలేదు. అరిగిన గుజ్జును ఏదీ తిరిగి పుట్టించలేదు. కీలులో వాపు, మంట తగ్గించి కొన్ని నెలల వెసులుబాటు ఇచ్చాయి. ఆ నెలల్లోనే కుక్క బరువు దించాలి, వెనక కాళ్లకు కండ పట్టించాలి, ఇంట్లో నేల జారకుండా చేసుకోవాలి. అది చేసినవాళ్లకు డబ్బు దక్కింది. ఇంజెక్షన్ చేయించి ఊరుకున్న వాళ్ల కుక్కలు మందు ప్రభావం తగ్గగానే మళ్లీ మొదటికొచ్చాయి. సీతమ్మధార నుంచి గాజువాక దాకా ఇదే వైద్యం చేయించిన వాళ్లలో మేం గమనించిన తేడా ఇదే.

పీఆర్‌పీ అంటే కుక్క సొంత రక్తంలోంచి ప్లేట్‌లెట్లను చిక్కగా వేరుచేసి, అదే కుక్క కీలులోకి ఎక్కించడం. ప్లేట్‌లెట్లలో ఉండే గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాల పెరుగుదలను ప్రేరేపించే ప్రొటీన్లు) కీలు లోపలి పొరలో మంటను అణుస్తాయి. 2013లో అమెరికాలో 20 కుక్కల మీద జరిగిన పరీక్షలో ఒక్క ఇంజెక్షన్‌తోనే 12 వారాలకు కుంటు, నొప్పి తగ్గినట్టు తేలింది. 20 కుక్కలంటే చిన్న పరీక్షే. ఆశ పెట్టుకోవచ్చు, హామీగా తీసుకోకూడదు.

ముందు అసలు జబ్బేమిటో తేల్చుకోండి

కుంటే ప్రతి కుక్కకూ కీళ్లవాతం అని చీటీ రాసేస్తే ప్రమాదం. జర్మన్ షెపర్డ్ వెనక కాళ్లు ఈడుస్తూ, పాదం వెనక్కి మడిచి పైభాగం మీద నిలబడుతూ, ముట్టుకుంటే మాత్రం నొప్పి లేనట్టుంటే అది వెన్నుపాము జబ్బు కావచ్చు. దానికి కీలులో ఏం ఎక్కించినా లాభం లేదు. రాట్‌వైలర్ లాంటి పెద్ద జాతుల్లో ఒకే కాలు కుంటుతూ, ఎముక మీద గట్టి వాపు కనిపిస్తే ముందు ఎముక క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవాలి. క్యాన్సర్ అనుమానం ఉన్నచోట గ్రోత్ ఫ్యాక్టర్లు ఎక్కించకూడదు. మోకాలి లిగమెంట్ తెగితే కీలు కదలికే అదుపు తప్పుతుంది. అక్కడ ఆపరేషన్ చేయాల్సిన పనిని పీఆర్‌పీ చేయలేదు, ఆపరేషన్‌కు తోడుగా మాత్రం వాడతారు.

అందుకే మత్తు ఇచ్చి తీసిన ఎక్స్‌రే అడగండి. మెలకువగా ఉన్న కుక్క నొప్పికి బిగుసుకుపోతుంది, తుంటి ఎక్స్‌రేకు కాళ్లు తిన్నగా చాపనివ్వదు. వంకరగా వచ్చిన ఫిల్ము చూసి తుంటి గిన్నె లోతు ఎంతో చెప్పడం కష్టం. మన జిల్లాల వాళ్లు రెండో అభిప్రాయానికి విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాలను అడగవచ్చు. ఇంకా దూరం వెళ్లగలిగితే గన్నవరం, తిరుపతి, హైదరాబాద్ రాజేంద్రనగర్, చెన్నై వేపేరి కళాశాలలు ఉన్నాయి. ఎక్స్‌రేలను డిజిటల్ ఫైళ్లుగా తీసుకోండి. ఫోన్‌తో ఫిల్మును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే కీలు అంచుల్లో పెరిగిన చిన్న ఎముక ముళ్లు కనపడవు.

విశాఖలో అన్నిటికంటే ముందు చూడాల్సింది పిడుదులు

ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పడం లేదు, అందుకే వివరంగా రాస్తున్నాం. మన తేమకూ వేడికీ పిడుదులకు ఏడాది పొడుగునా పండగే. గోధుమరంగు కుక్క పిడుదు ఎర్లీకియా అనే సూక్ష్మజీవిని ఎక్కిస్తుంది. దానితో వచ్చే జబ్బునే మనం టిక్ ఫీవర్ అంటాం. ఆ జబ్బు మొదట దెబ్బతీసేది ప్లేట్‌లెట్లనే. ప్లేట్‌లెట్లు లేని రక్తంతో పీఆర్‌పీ చేయిస్తే కీలులోకి వెళ్లేది ఉత్త ప్లాస్మా. బిల్లు మాత్రం పూర్తిగా కట్టాలి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. టిక్ ఫీవర్ కూడా కీళ్లు వాచేలా చేస్తుంది. ఇవాళ ముందు కాలు, వారం తర్వాత వెనక కాలు, మధ్యలో జ్వరం, తిండి మీద అయిష్టం ఉంటే అది అరుగుదల కాకపోవచ్చు. అలాంటి కుక్కకు డాక్సీసైక్లిన్ కోర్సు పూర్తిగా వాడితేనే కుంటు పోవచ్చు, పీఆర్‌పీ అవసరమే రాకపోవచ్చు. కోర్సు సాధారణంగా 28 రోజులు, రోజుకు కిలో బరువుకు 10 మి.గ్రా. చాలామంది పదో రోజుకే కుక్క హుషారైందని ఆపేస్తారు. ఆపితే జబ్బు లోపల దాగి మళ్లీ తిరగబెడుతుంది. ఈ మాత్ర ఖాళీ కడుపున ఇస్తే వాంతి అవుతుంది, గొంతులో అతుక్కుంటే పుండు పడుతుంది. కాస్త తిండితో ఇచ్చి వెంటనే నీళ్లు తాగించాలి. పెరుగన్నంలో కలిపి ఇవ్వకండి, పాల పదార్థాలతో మందు సరిగ్గా ఒంటికి పట్టదు.

కాబట్టి ఇంజెక్షన్‌కు ముందు రక్తపరీక్షలో మూడు చూడాలి: ప్లేట్‌లెట్ల లెక్క, ఎర్లీకియా పరీక్ష, కాలేయం-కిడ్నీ రిపోర్టు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మైక్రోలీటరుకు సుమారు 2 నుంచి 5 లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. లక్షన్నర కంటే తక్కువ వస్తే వాయిదా వేయమని మీరే అడగండి. అయితే మెషిన్ లెక్క ఒక్కోసారి తప్పుతుంది. రక్తం తీసేటప్పుడు సూది రెండు మూడుసార్లు గుచ్చితే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, మెషిన్ వాటిని లెక్కపెట్టలేక తక్కువ చూపిస్తుంది. తక్కువ వస్తే స్లైడు మీద మైక్రోస్కోపులో చూడమని అడగడం మన హక్కు.

పిడుదుల మందును ఏడాది పొడుగునా ఆపకూడదు. అఫాక్సోలానర్ మాత్ర నెలకొకటి, ఫ్లూరలానర్ అయితే దాదాపు మూడు నెలలకొకటి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే ఈ రకం మాత్రలు వేసేముందు డాక్టరు గారికి తప్పకుండా చెప్పాలి. కుక్క పడుకునే మూల, గోడ బీటలు, బాల్కనీ గ్రిల్ అంచులు కూడా చూడండి. ఈ పిడుదు గోడలెక్కి అక్కడే గుడ్లు పెడుతుంది.

నొప్పి మాత్రలు ఎప్పుడు ఆపాలి

మెలాక్సికామ్, కార్ప్రొఫెన్ లాంటివి ప్లేట్‌లెట్ల పనికి అడ్డొస్తాయన్న భయంతో ఇంజెక్షన్‌కు ముందు వారం నుంచి రెండు వారాలు, తర్వాత రెండు వారాలు ఆపమంటారు. ఎన్నాళ్లన్నది డాక్టరును బట్టి మారుతుంది. ఆస్పిరిన్ మాత్రం ఖాయంగా ఆపాలి, దాని ప్రభావం ఆ ప్లేట్‌లెట్ బతికున్నంత కాలం పోదు. కీలులో స్టెరాయిడ్ వేయించి కొద్ది నెలలే అయితే ఆ సంగతి దాచకండి.

ఈ ఖాళీ రోజుల్లో కుక్క బాధపడటం చూసి చాలామంది ఇంట్లో ఉన్న మనుషుల మాత్ర వేసేస్తారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, కిడ్నీలు దెబ్బతీస్తాయి. ఈ గ్యాప్‌కు గాబాపెంటిన్ అడగండి. సాధారణంగా కిలో బరువుకు 10 మి.గ్రా. దగ్గర మొదలుపెట్టి 8 నుంచి 12 గంటలకోసారి ఇస్తారు. మొదటి రెండు రోజులు కుక్క తూలుతుంది, మెట్ల దగ్గర పట్టుకోవాలి. గాబాపెంటిన్ సిరప్ కొనేముందు సీసా మీద జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందేమో చదవండి, అది కుక్కకు విషం. క్యాప్సూలే మేలు.

ఇంజెక్షన్ రోజు ఏం జరుగుతుంది, ఏం అడగాలి

ముందు రాత్రి నుంచి తిండి ఉండదు, నీళ్లు పొద్దున వరకు ఇవ్వచ్చు. స్నానం ముందు రోజే చేయించి బాగా ఆరబెట్టండి. తడి వెంట్రుకల కింద చర్మం మీద క్రిములు పెరుగుతాయి. ఇంజెక్షన్ పడే చోట పుండు, హాట్ స్పాట్ (ఎర్రగా రసి కారే మచ్చ), ఫంగస్ ఉంటే ఆ రోజు చేయించకూడదు. వానాకాలంలో లాబ్రడార్లకు ఇది మామూలే కాబట్టి ముందే తోక మొదలు, తొడల దగ్గర వెంట్రుకలు విడదీసి చూసుకోండి.

మత్తు ఎక్కాక మెడ నరం నుంచి రక్తం తీస్తారు. కిట్‌ను బట్టి 10 నుంచి 60 మి.లీ. దాకా పడుతుంది, చివరికి చేతికొచ్చే పీఆర్‌పీ కొద్ది మి.లీ. మాత్రమే. సిరంజిలో ముందుగానే గడ్డకట్టకుండా చేసే ద్రావణం నింపి ఉండాలి. రక్తం తీస్తున్నంతసేపూ మెల్లగా తిప్పుతూ కలపాలి, గట్టిగా ఊపకూడదు. ఊపితే ఎర్రకణాలు పగులుతాయి.

తర్వాత సెంట్రిఫ్యూజ్, అంటే రక్తాన్ని గిరగిరా తిప్పి కణాలను వేరుచేసే యంత్రం. సగం ఫలితం తేలేది ఇక్కడే. చాలా చోట్ల "1500 ఆర్‌పీఎం, పది నిమిషాలు" అని చెబుతారు. ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) ఒక్కటే చెబితే ఏమీ చెప్పినట్టు కాదు. కణాల మీద పడే బలం చక్రం ఎంత వెడల్పో దాన్ని బట్టి మారుతుంది. లెక్క ఇది: వ్యాసార్థం సెంటీమీటర్లలో, దాన్ని ఆర్‌పీఎం వర్గంతో, ఆపైన 0.00001118తో గుణించాలి. 10 సెం.మీ. చక్రం 1500 ఆర్‌పీఎం దగ్గర దాదాపు 250 జీ (భూమి ఆకర్షణకు 250 రెట్లు) బలమిస్తుంది, 15 సెం.మీ. చక్రం అదే వేగంతో 375 జీ దాటుతుంది. మొదటి విడత మెల్లగా తిప్పి ఎర్రకణాలను కిందికి దించాలి, రెండో విడత గట్టిగా తిప్పి ప్లేట్‌లెట్లను చిక్కబరచాలి. మొదటిదే మరీ గట్టిగా తిప్పితే ప్లేట్‌లెట్లు కూడా ఎర్రకణాలతోపాటు అడుగున కూరుకుపోతాయి. పైన తేరిన పసుపు ద్రవం చూడటానికి బాగానే ఉంటుంది, లోపల సరుకుండదు.

జుట్టు ఊడకుండా వేసే మనుషుల పీఆర్‌పీ ట్యూబులనే కుక్కలకూ వాడేవాళ్లున్నారు. ఆ ట్యూబులను మనిషి రక్తానికి సరిపోయేలా తయారుచేశారు, కుక్క రక్తంతో అదే చిక్కదనం వస్తుందని నమ్మకం లేదు. కాబట్టి ఒక్క ప్రశ్న మరిచిపోకండి: "తయారైన పీఆర్‌పీలోంచి ఒక చుక్క మెషిన్‌లో పెట్టి ప్లేట్‌లెట్ లెక్క చూపిస్తారా?" పొద్దున రక్తంలో 2.5 లక్షలుండి, పీఆర్‌పీలో 10 లక్షలొస్తే నాలుగు రెట్లు చిక్కబడినట్టు. మూడు రెట్లు కూడా రాకపోతే ఆ బ్యాచ్ బలహీనం. రెండో అంకె తెల్లకణాలది. కీలులోకి వెళ్లేదానిలో తెల్లకణాలు, ఎర్రకణాలు ఎంత తక్కువుంటే ఇంజెక్షన్ తర్వాత మంట అంత తక్కువ. ద్రవం లేత గడ్డి రంగులో ఉండాలి, గులాబీ రంగు తిరిగితే ఎర్రకణాలు కలిశాయన్నమాట. ఈ రెండు అంకెలూ కేసు షీటు మీద రాయించుకోండి. తర్వాతి విడత పనిచేయకపోతే కారణం కుక్కలో ఉందా, ట్యూబులో ఉందా అన్నది ఈ కాగితమే చెబుతుంది. లెక్క చూపించడానికి ఒప్పుకోని చోట మేమైతే చేయించం.

తయారైన పీఆర్‌పీని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చలికి ప్లేట్‌లెట్లు ముందే పనిచేయడం మొదలుపెట్టి, కీలులోకి వెళ్లేసరికి పనికిరాకుండా పోతాయి. గది ఉష్ణోగ్రతలో ఉంచి అదే పూట ఎక్కించాలి. మే నెలలో ఏసీ లేని గదిలో గంటల తరబడి బల్ల మీద వదిలేసినా నష్టమే.

కీలు మీద వెంట్రుకలు గొరిగి, క్లోర్‌హెక్సిడిన్‌తో పలుమార్లు తుడిచి, స్టెరైల్ గ్లవ్స్ వేసుకుని సూది దించాలి. లోపలికి చేరినట్టు ఋజువేమిటంటే ముందు కీలు నీరు సిరంజిలోకి రావడం. ఆ నీరు పలచగా, మబ్బుగా ఉంటే ఆ రోజు ఆపి పరీక్షకు పంపాలి, ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. మోకాలు, మోచేయి అందుబాటులో ఉంటాయి. తుంటి మాత్రం కండ కింద లోతుగా ఉంటుంది, పెద్ద కుక్కకు పొడవాటి స్పైనల్ నీడిల్, అల్ట్రాసౌండ్ గానీ ఎక్స్‌రే ఆసరా గానీ కావాలి. అంచనాగా గుచ్చితే మందు కండలోకి పోతుంది. మోచేతికి 1-2 మి.లీ., మోకాలికి 2-3 మి.లీ., తుంటికి 1-2 మి.లీ. పడుతుంది. నొప్పి తెలియకుండా అదే సిరంజిలో బ్యుపివకైన్ కలుపుతామంటే వద్దనండి, అది గుజ్జు కణాలను చంపుతుంది.

మొదటి రెండు వారాలు

మొదటి 24 నుంచి 72 గంటలు కుంటు పెరుగుతుంది. ముందుగా తెలియకపోతే కంగారు పడతాం. కుక్క పాదం ఆనిస్తూ కుంటితే మామూలే. మూడో రోజు తర్వాత కూడా కాలు అసలు కింద పెట్టకపోయినా, కీలు వేడిగా ఉబ్బినా, జ్వరం 103 ఫారన్‌హీట్ దాటినా అదే రోజు తీసుకెళ్లాలి. కీలులో చీము పట్టిందంటే గంటలు కూడా లెక్కే. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5. ముక్కు ముట్టుకుని జ్వరం చెప్పలేం, మలద్వారంలో పెట్టే డిజిటల్ థర్మామీటరు ఒకటి ఇంట్లో పెట్టుకోండి.

మొదటి రెండు రోజులు మూత్రానికి, దొడ్డికి తప్ప బయటికి వద్దు. ఆపైన రెండో వారం చివరి దాకా రోజుకు రెండుసార్లు పది నిమిషాలు, బెల్టుతోనే. మంచం ఎక్కడం, సోఫా దూకడం, బంతాట అన్నీ బంద్. అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయి లిఫ్ట్ ఆగితే వెడల్పాటి తువ్వాలు పొట్ట కింద, తొడలకు ముందు నుంచి వేసి పైకి పట్టుకుని దించండి. చంకల్లో చేతులు పెట్టి లేపితే బరువంతా తుంటి మీదే పడుతుంది.

దూరం నుంచి చేయించుకొచ్చేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్ రోడ్డున 600 కిలోమీటర్ల పైమాట. ఇంజెక్షన్ అయిన సాయంత్రమే బయల్దేరకండి, ఒక రాత్రి అక్కడే ఆగాలి. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనదై ఉండాలి, లేకపోతే బ్రేక్ వ్యాన్‌లోని డాగ్ బాక్సే దిక్కు. కీళ్లు నొప్పెట్టే పెద్ద కుక్కను ఆ ఇనుప పెట్టెలో రాత్రంతా ముడుచుకుని పడుకోబెట్టడం కంటే కారు నయం. రెండు మూడు గంటలకోసారి ఆపి నాలుగడుగులు వేయించండి.

పనిచేసిందో లేదో ఎలా తెలుసుకోవాలి

ప్రేమ కొద్దీ మనకు మంచే కనపడుతుంది. 2012లో అచ్చయిన ఒక పరిశీలనలో ఉత్తుత్తి మందు ఇచ్చిన కుక్కల నడకను ఫోర్స్ ప్లేట్ (కాలు ఎంత బరువు మోపుతోందో కొలిచే పలక) మీద కొలిచి చూశారు. మెషిన్ ఏ మార్పూ లేదని చెప్పినా, సగానికి పైగా సందర్భాల్లో యజమానులు బాగుపడిందనే అన్నారు. డాక్టర్లు కూడా తప్పించుకోలేదు. కాబట్టి కొలతలు పెట్టుకోవాల్సిందే.

మేం నమ్మేది గోళ్లను. కుక్కను పక్కకు పడుకోబెట్టి వెనక పాదాల్లో మధ్యనున్న రెండు గోళ్లు దగ్గరగా చూడండి. కాలు ఎత్తకుండా ఈడ్చే కుక్కకు గోరు కొన కాకుండా పైభాగం గరుకుగా, చదునుగా అరిగి ఉంటుంది. ఒక్కోసారి లోపలి గులాబీ రంగు దాకా పోతుంది. రెండు కాళ్లనూ పోల్చితే బరువు ఆనించని వైపు గోరు పొడుగ్గా ఉంటుంది, నేలకు రాసుకోదు గనుక. ఇంజెక్షన్ ముందు ఫొటో తీసి, నెలకోసారి అదే వెలుతురులో మళ్లీ తీయండి. పైభాగం మీద అరుగుదల ఆగి, కొత్త గోరు నునుపుగా దిగుతుంటే కాలు ఎత్తి వేస్తోందన్నమాట. కుక్క మన ముఖం చూసి గోరు మార్చుకోలేదు.

తొడ చుట్టుకొలత రెండోది. తొడ ఎముక పొడవులో పై నుంచి 70 శాతం దగ్గర, చిన్నగా వెంట్రుకలు కత్తిరించి గుర్తు పెట్టుకుని, కుక్క నిలబడి ఉండగా దర్జీ టేపుతో కొలవాలి. టేపు బిగించే బలం మనిషికో రకం కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఒక్కరే కొలవండి. మూడోది, ఒకే ఎత్తున్న రెండు బాత్రూం కాటాలు పక్కపక్కన పెట్టి, ముందు కాళ్లు ఒకదాని మీద, వెనక కాళ్లు ఇంకోదాని మీద నిలబెట్టడం. మంచి కుక్క 60 శాతం ముందుకూ 40 శాతం వెనక్కీ మోస్తుంది. తుంటి నొప్పి కుక్క 70 దాకా ముందుకే తోస్తుంది. తల దించితే లెక్క మారిపోతుంది గనుక, తల ఎత్తి నేరుగా చూసేటప్పుడే అంకె చదవాలి.

వీడియో ఒకే చోట, ఒకే వేళ, పక్క నుంచి, వెనక నుంచి తీయండి. పడుకుని లేచే క్షణం తప్పకుండా రావాలి. ఫలితం రెండో వారం నుంచి మొదలై 12 వారాలకు నిలకడకు వస్తుంది. అది కొన్నింటికి మూడు నాలుగు నెలలు, కొన్నింటికి ఆరు నెలలు, ఇంకొన్నింటికి ఆపైన నిలిచింది. ఎక్స్‌రే మళ్లీ తీయించి మార్పు కోసం వెతకకండి. పెరిగిన ఎముక ముళ్లు అలాగే ఉంటాయి.

స్టెమ్ సెల్ సంగతి

కొవ్వులోంచి తీసే కణాలే ఎక్కువ వాడుక. తుంటి కీళ్లకు దీని మీద 2007లో అమెరికాలో 21 కుక్కలతో జరిగిన పరీక్షలో నడక మెరుగైంది. ఐరోపా సమాఖ్య 2022లో గుర్రపు బొడ్డుతాడు కణాలతో చేసిన మందును కుక్కల కీళ్లకు అనుమతించింది. ఇది ఉత్తుత్తి వైద్యం కాదు. కానీ ఈ కణాలు గుజ్జుగా మారి అతుక్కుంటాయని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. ఎక్కించిన కణాల్లో ఎక్కువ భాగం కొద్ది వారాల్లోనే కనుమరుగవుతాయి. అవి విడుదల చేసే సంకేతాల వల్లే మంట తగ్గుతుంది.

సొంత కొవ్వు తీయాలంటే పూర్తి మత్తు, కోత, కుట్లు తప్పవు. అదే రోజు వేరుచేసి ఎక్కించేది ఒక రకం. దాంట్లో స్టెమ్ కణాలు కొంచెమే, మిగతావి రకరకాల కణాలు. ల్యాబ్‌లో పెంచి ఎక్కించేది ఇంకో రకం, రెండు మూడు వారాలు పడుతుంది. వేరే కుక్క కణాలు గడ్డకట్టించి పంపేది మూడో రకం, కోత ఉండదు. ఏదైనా సరే, కాగితం మీద నాలుగు సంగతులుండాలి: మొత్తం ఎన్ని కణాలు, కరిగించాక వాటిలో ఎన్ని శాతం బతికున్నాయి, ల్యాబ్‌లో ఎన్నో తరం పెంపకం, క్రిములూ మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవీ లేవన్న పరీక్ష. బతికున్న శాతం ఇంజెక్షన్ రోజున మళ్లీ లెక్కపెట్టాలి. ల్యాబ్‌లో 90 శాతం ఉన్నది విశాఖ చేరేసరికి అంతే ఉంటుందని చెప్పలేం. విమానం ఆలస్యమై డ్రై ఐస్ అయిపోతే ఆ పెట్టె తిప్పి పంపాల్సిందే. నరం ద్వారా సెలైన్‌లో ఎక్కిస్తే అన్ని కీళ్లకూ పనిచేస్తుందన్న మాటకు బలం తక్కువ, ఆ కణాల్లో చాలావరకు ముందు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. మా సలహా: ముందు పీఆర్‌పీ సరైన లెక్కతో చేయించి చూడండి. అది బొత్తిగా పట్టకపోతేనే స్టెమ్ సెల్ గురించి ఆలోచించండి.

వెసులుబాటు దొరికిన నెలల్లో

బరువు మొదటిది. 48 లాబ్రడార్ల మీద జీవితాంతం సాగి 2002లో అచ్చయిన పరిశీలనలో 25 శాతం తక్కువ తిన్న కుక్కలు దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల బాధ కూడా ఆలస్యంగా వచ్చింది. ఎంత పెట్టాలో లెక్క సులువే: ఉండాల్సిన బరువు 30 కిలోలైతే రోజుకు సుమారు 900 కేలరీలు. ఒక కప్పు అన్నం 200, టీతో పాటు మనం విసిరే మేరీ బిస్కెట్ ఒక్కొక్కటీ పాతిక చుట్టూ. వాచ్‌మన్, పక్కింటి పిల్లలు పెట్టేవి కూడా ఇందులోకే వస్తాయి. వారానికి 1 శాతం చొప్పున దించితే చాలు. పక్కటెముకలు వేలికి తగలాలి, కంటికి పొడుచుకురాకూడదు.

చేపనూనెలో చూడాల్సింది ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వులు. రెండూ కలిపి కిలో బరువుకు 100 మి.గ్రా. దగ్గర కావాలి. మామూలు 1000 మి.గ్రా. గుళికలో ఇవి 300 మాత్రమే ఉంటాయి, అంటే 30 కిలోల కుక్కకు పది గుళికలు. చిక్కటి రకం కొంటే మూడు నాలుగుతో పోతుంది. విరేచనాలు కాకుండా రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచాలి. కాడ్ లివర్ ఆయిల్ వేరు, దాన్ని ఈ మోతాదులో ఇస్తే విటమిన్ ఎ, డి ఎక్కువైపోతాయి. కవళ్లు ఉప్పు లేకుండా ఉడికించి ముళ్లు తీసి పెట్టినా మంచిదే.

నేల విషయంలో రాజీ వద్దు. మన ఇళ్లలో నున్నటి టైల్స్, మార్బుల్. కాలు జారకుండా ఆపుకోవడానికే కుక్క తొడలు బిగబడతాయి. మంచం నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి తలుపు దాకా రబ్బరు అడుగున్న పట్టాలు వరసగా పరచండి, మధ్యలో ఖాళీ లేకుండా. పాదాల మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించండి. పరుపు కనీసం నాలుగంగుళాల గట్టి ఫోమ్ ఉండాలి. ఏసీ గదిలో ఉత్త టైల్స్ మీద రాత్రంతా పడుకున్న కుక్క పొద్దున లేవలేక పోవడం వింతేమీ కాదు.

బీచ్ మంచిదే, చోటు చూసుకుని. పొడి ఇసుకలో పాదం దిగబడి తుంటి మెలితిరుగుతుంది. అల వెనక్కి పోయాక గట్టిపడ్డ తడి ఇసుక మీద, నీటికి సమాంతరంగా నడిపించండి. ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు ఒక వైపు కాలి మీద పడిన బరువు తిరిగొచ్చేటప్పుడు రెండో వైపు పడాలి. అదే దారిన వెనక్కి రండి. ఆర్‌కే బీచ్, రుషికొండల్లో లోపలికి లాక్కుపోయే ప్రవాహాలుంటాయి, ఈత పేరుతో సముద్రంలోకి దించొద్దు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున ఏడు లోపే ఇంటికి చేరాలి. ఉక్కపోతలో కుక్క ఒంటి వేడి దించుకోలేదు.

కండకు కూర్చోబెట్టి లేపడమే పెద్ద మందు. మూడో వారం నుంచి గోడ పక్కన నిలబెట్టి, కాళ్లు పక్కకు జారనివ్వకుండా, ఐదుసార్లు కూర్చోబెట్టి లేపాలి. రోజుకు రెండు పూటలు. రెండు వారాలకోసారి రెండేసి పెంచండి. తర్వాత మెల్లగా ఎత్తు ఎక్కించడం. మన ఊళ్లో వాల్తేరు అప్‌లాండ్స్ నుంచి యెండాడ దాకా ఎత్తుపల్లాలకు కొదవ లేదు. ఎక్కేటప్పుడు నిదానంగా నడిపించండి, దిగేటప్పుడు తిన్నగా కాకుండా అటూ ఇటూ ఏటవాలుగా తిప్పుతూ దించండి, లేకపోతే మోచేతుల మీద బరువు పడుతుంది. మర్నాడు పొద్దున ముందు రోజుకంటే బిగుసుకుని లేస్తే నిన్నటి పని సగానికి తగ్గించాలి. అక్కడే ఆపేసి పూర్తి విశ్రాంతి ఇస్తే వచ్చిన కండ వారాల్లో కరిగిపోతుంది.

మళ్లీ ఎప్పుడు అన్నది క్యాలెండరు చూసి కాదు, గోళ్లూ తొడ కొలతా చూసి నిర్ణయించుకోండి. ఆరు నెలలకోసారి అని ముందే ప్యాకేజీ కట్టించుకోవద్దు. రెండు విడతలు మంచి ప్లేట్‌లెట్ లెక్కతో, సరైన చోట పడి కూడా 12 వారాలకు కొలతల్లో ఏమీ కదలకపోతే మూడోది చేయించకండి. ఆ డబ్బుతో తుంటి ఆపరేషన్ గురించి సర్జన్‌ను అడగండి. తుంటి గిన్నెలో ఉండే తొడ ఎముక తల తీసేసే ఆపరేషన్ పెద్ద కుక్కలకు కూడా చేస్తారు, బరువు తగ్గి, కండ ఉన్న కుక్క దాని నుంచి త్వరగా కోలుకుంటుంది. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రే ఫైళ్లు, రెండు విడతల ప్లేట్‌లెట్ అంకెలు, గోళ్ల ఫొటోలు, చివరిసారి పిడుదుల మాత్ర వేసిన తేదీ ఒకే ఫోల్డరులో పెట్టి తీసుకెళ్లండి.